వంకాయరంగు అతుకు

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో గణపతిరావు ఫ్యాన్సీ షాపుకి ఆడవాళ్ళు గుండీలకీ, చీర ఫాల్సులకీ వస్తారు. ఊలు కొనేవాళ్ళు ఏటికేడూ తగ్గిపోయారు. అద్దాల బీరువాలో ఊలు ఉండలు మాత్రం తగ్గలేదు. ఎండ తగిలి ఒక పక్క వెలిసిపోయిన ఉండల్ని గణపతిరావు తల్లి మహాలక్ష్మమ్మ ఏడాదికోసారి కిందికి దింపించి, కోడలి ముందు కుప్ప పోసేది.

"సరుకు పారేస్తే లక్ష్మి పోతాది. అల్లు," అనేది.

గౌరి అల్లేది. బొబ్బిలి నుంచి కోడలిగా వచ్చింది మొదలు ఆమె చేతిలో క్రోషా సూది ఆగింది తక్కువ. అన్నీ ఆరు మూలల బిళ్ళలే. మధ్యలో చిన్న సున్నా, దాని చుట్టూ నాలుగు వరసలు, అరచేయంత బిళ్ళ. పప్పు ఉడికేలోగా సగం, మధ్యాహ్నం షాపు మూసిన వేళ రెండు. అయిన ప్రతి బిళ్ళనీ కొస ముడి వేయకముందే అత్తగారికి చూపించాలి. ఆవిడ దాన్ని అరచేతిలో పరిచి, ఆరు మూలలూ వేలితో తడిమేది. ఎక్కడైనా ఒక్క కుట్టు తగ్గిందా, కొస పట్టుకుని లాగేసేది. అరగంట పని ఉంగరాలు తిరిగిన దారమై ఒళ్ళో పడేది.

"మళ్ళీ అల్లు. ఇది బిళ్ళేటి, కుక్క చెవి."

రెండేళ్ళు తిరిగేసరికి గౌరి బిళ్ళల్లో లాగడానికి ఆవిడకి వంక దొరకడం మానేసింది. బాగుందని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

అతకడం మహాలక్ష్మమ్మ పని. బిళ్ళలన్నీ పోగయ్యాక కుట్టు సూదిలో తెల్ల ఊలెక్కించి, బిళ్ళకీ బిళ్ళకీ కలిపి, మూల మూలకీ కందిగింజంత ముడి వేసేది. ఆ ముళ్ళంటే గౌరికి ఒళ్ళుమంట. దుప్పటి మీద చెయ్యి వేస్తే చెమటకాయలు తడిమినట్టుండేది. కొత్తలో ఒకసారి అని చూసింది.

"అత్తయ్యా, క్రోషాతోనే గొలుసులా కలుపుకుంటూ పోతే ముళ్ళక్కర్లేదు. నున్నగా వస్తాది."

"నున్నగా వచ్చింది నున్నగానే పోతాది. నీ పని బిళ్ళలు. అవి సూసుకో."

అలా మూడు దుప్పట్లయ్యాయి. మొదటిది ఆడపడుచు ఝాన్సీ పురిటికి వెళ్ళింది. రెండోది మహాలక్ష్మమ్మ మోకాళ్ళు చూసే విజయనగరం డాక్టరుగారికి. మూడోది అరసవల్లిలో ఝాన్సీ వాళ్ళు లాడ్జి కట్టినప్పుడు గృహప్రవేశానికి. ఇచ్చిన ప్రతిచోటా ఆవిడ, "నా చేత్తో అతికేను," అనేది. అందులో అబద్ధం లేదు. వినేవాళ్ళకి మాత్రం మొత్తం దుప్పటి ఆవిడ చేతిదే అయ్యేది. గౌరి పక్కనే పళ్ళెం పట్టుకుని నిలబడేది.

నాలుగోది గౌరిదన్నారు. గౌరి ఆపరేషనై మంచం మీదున్న రోజుల్లో చలికి వణుకుతుంటే మహాలక్ష్మమ్మే అంది, "ఈసారిది నీకే ఉంచుతాలే." ఆ మాటకి ఆరేళ్ళు. నూట అరవై బిళ్ళలు బిస్కెట్ల రేకు డబ్బా నిండా కూర్చున్నాయి. గౌరి అడిగినప్పుడల్లా ఆవిడకి కళ్ళు మసకలు, లేకపోతే నడుం నొప్పి, లేకపోతే తెల్ల ఊలు లేదు. షాపులో తెల్ల ఊలు ఎప్పుడూ ఉండేది.

కార్తీకంలో మహాలక్ష్మమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. ఎడమ చెయ్యీ కళ్ళూ మిగిలాయి. మంచం ముందుగదిలో వేశారు. గణపతిరావు పొద్దున్నొకసారి, రాత్రొకసారి వచ్చి, "అమ్మా," అని పిలిచి వెళ్ళేవాడు. ఎత్తడం, దించడం, తుడవడం, తినిపించడం గౌరి.

ఇరవై రోజులు చూసి, ఒక మధ్యాహ్నం ఆమె రేకు డబ్బా తెచ్చి మంచం పక్కనే పీట వేసుకుంది. వేరే గదిలో కూర్చోవచ్చు. కూర్చోలేదు. తెల్ల ఊలు తీసుకోవచ్చు. అదీ తీసుకోలేదు. తొమ్మిదేళ్ళుగా బీరువాలో ఎవరూ అడగని వంకాయరంగు ఉండలు నాలుగు తెచ్చుకుంది. రెండు బిళ్ళలు అంచూ అంచూ పెట్టి, క్రోషా దూర్చి, గొలుసులా కలుపుకుంటూ పోయింది. వరస చివర దారం తెంపి, కొసని అతుకు కిందికి తోసేసింది. ముడి వేయలేదు.

మహాలక్ష్మమ్మ చూస్తోంది. ఎడమ చేత్తో మంచం కోడు మీద టకటకా కొట్టింది.

"నీళ్ళా?"

కాదన్నట్టు కళ్ళు మూసి తెరిచింది. వేలు దుప్పటి వైపు చూపించింది.

"ముళ్ళు వెయ్యలేదనా? వెయ్యను," అంది గౌరి.

ఆ గొంతు తనదేనా అని తనకే అనిపించింది. పంతొమ్మిదేళ్ళలో అత్తగారికి అలా ఎదురు చెప్పడం అదే మొదలు. చెప్పాక భయం వేయలేదు. బావుంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మంచం కోడు మోగేది, గౌరి తల ఎత్తేది కాదు.

పుష్యమాసంలో ఒక సాయంత్రం ఆఖరి వరస అయింది. ఎక్కడా ముడి లేదు. నీళ్ళ మీద చెయ్యి వేసినట్టుంది. ఆఖరి కొస ఇంకా లోపలికి తోయలేదు. రేపు చూసుకోవచ్చులే అనుకుంది. ముందు ఆవిడకి చూపించాలి. మంచం మీదున్న రగ్గు తీసేసి, దుప్పటి మహాలక్ష్మమ్మ మీద పరిచింది.

"సూడండి అత్తయ్యా. ఎక్కడైనా వంకుంటే సెప్పండి."

ఎడమ చెయ్యి దుప్పటి మీద పాకింది. ఒక బిళ్ళ మీదికి, ఒక అతుకు మీదికి, ఇంకో బిళ్ళ మీదికి. బాగుందని కళ్ళతోనైనా అంటుందేమోనని గౌరి వంగి చూసింది. ఆ వేళ్ళు మూలకి చేరి, అక్కడ ఆగి, రెండు వేళ్ళ మధ్య ఏదో ఒడిసి పట్టుకున్నాయి. వదల్లేదు. కళ్ళు గౌరి మీదే ఉన్నాయి.

"ఇప్పుడూ నీదేనా? నాకియ్యవా?" అంది గౌరి. వేళ్ళు విడదీయబోయింది. అవి ఇంకా బిగుసుకున్నాయి. విసుగొచ్చి అలాగే వదిలేసి వంటింట్లోకి వెళ్ళింది.

తెల్లారి చూస్తే మహాలక్ష్మమ్మ లేదు. చేతిలో దుప్పటి మూల ఉంది.

పోయినవాళ్ళ ఒంటి మీదవీ, మంచం మీదవీ ఇంట్లో ఉంచరు. ఆ ఇంటి బట్టలుతికే బుల్లమ్మకి ఇచ్చేస్తారు. అరసవల్లి నుంచి తొమ్మిదింటికల్లా దిగిన ఝాన్సీ, ఏడుపు మధ్యలోనే పరుపూ, చీరలూ, తలగడా మూట కట్టించింది. దుప్పటి మీద చెయ్యి వేసేసరికి గౌరి అడ్డమొచ్చింది.

"అది పక్కబట్ట కాదు వదినా. నిన్న సాయంత్రమే కప్పేను. అది నాది."

"నీదేటే? అమ్మ ప్రాణం పోయేదాకా పట్టుకునుంది, సూళ్ళేదా?"

"బిళ్ళలు నేనల్లేను. అతుకూ నాదే."

"అమ్మ సేతి దుప్పట్లు మా ఇంట్లోనూ ఉన్నాయి. నాకు సెప్తావేటి?"

గౌరి మొగుడి వైపు చూసింది. గణపతిరావు గుమ్మంలో కుర్చీలు వేయిస్తున్నాడు.

"సావింట్లో దుప్పటి గొడవేటే, సిగ్గునేదా? ఇచ్చీ. షాపులో ఊలుంది గదా, ఇంకోటల్లుకో," అన్నాడు.

కప్పింది తనే. ఆ రగ్గే ఉంచి ఉంటే రగ్గే పోయేది. దుప్పటి పొద్దునకి డబ్బా మీద మడతపెట్టి ఉండేది. గౌరి చెయ్యి తీసేసింది. ఆమె ఏడుపు చూసి వచ్చినవాళ్ళు, "కోడలంటే అలాగుండాలి," అనుకున్నారు.

ఆషాఢంలో ఒకరోజు ఇస్త్రీకిచ్చిన చొక్కాల మూట ఇంటికొచ్చింది. మూటకి కట్టిన దారం చూసి గౌరి విప్పబోయి ఆగింది. వంకాయరంగు ఊలు. లాగిన అల్లికలోంచి వచ్చిన దారానికుండే ఉంగరాలు దానికీ ఉన్నాయి. చినుకులు పడుతున్నా గొడుగు తీసుకుని బుల్లమ్మ ఇంటికి వెళ్ళింది.

వాకిట్లో పందిరి కింద దండెం నిండా ఊరి బట్టలు. ఇంటింటికీ ఒక గుర్తు దారం. బిందె మీద మూతగా ఒక బిళ్ళ, సైకిలు సీటు మీద ఒకటి, ఉయ్యాలలో పసిపిల్ల కింద నాలుగు.

"ఏటమ్మా, వానలో వచ్చేవు? కబురెడితే నేనొద్దునుగా," అంది బుల్లమ్మ కుర్చీ తుడుస్తూ.

"ఈ దారం..."

"అదా! మీ అత్తగారి దుప్పట్లోదేనమ్మా. మీ ఇంటికి అదే గుర్తెట్టేను. మా ముగ్గురు కూతుళ్ళూ దాని కోసం జుట్లు పట్టుకున్నారు. మూల కాడ దారం కొస ఏలాడతా కనిపించింది. పట్టుకుని నాగి సూసేను. సరసరా వచ్చీసింది. ఒక వరసూడితే రెండోదాని కొస దొరికీది. గంటలో దుప్పటంతా ముక్కలైపోనాది. ముగ్గురికీ పంచీసేను."

మూల కాడ. గౌరి ఉయ్యాల కర్ర పట్టుకుంది. రెండు వేళ్ళ మధ్య ఆవిడ బిగించి పట్టుకున్నదేమిటో ఇప్పుడు కనిపించింది.

"బిళ్ళల్ని కూడా నాగేనమ్మా, ఊలు పనికొస్తాదని. ఎంత నాగినా రానేదు! అమ్మగారు ఏటి అల్లీవోరు! ఆవిడి సేతిలో ఉన్నాదమ్మా పనితనం." బుల్లమ్మ ఉయ్యాలలోంచి రెండు బిళ్ళలు తీసి చూపించింది. "మనవరాలికి ఈ నాలుగూ కలిపి పరుద్దామంటే నాకు సేతకాదు. ఊడిపోతన్నాయి. నువ్వేమైనా అతకగలవా తల్లీ?"

గౌరి బిళ్ళ అందుకుంది. ఆరు మూలలూ వేలితో తడిమింది. ఒక్క కుట్టు తక్కువ లేదు. తిరిగి బుల్లమ్మ చేతిలో పెట్టింది.

"నాకు రాదు," అంది. "మా అత్తగారే అతికేవారు."