మామయ్య తరఫున

మా మామయ్య ఏ పనీ స్వయంగా చేసేవాడు కాదు. తన తరఫున ఎవరినో ఒకరిని పంపేవాడు. పన్ను పీకించుకోవడానికి కూడా నన్నే పంపాడు. డాక్టరు నోరు తెరవమన్నాడు, తెరిచాను. నమ్మకపోతే ఖాళీ చూపిస్తాను.

"నా తరఫున సినిమా చూసిరా," అని అత్త చేతిలో టిక్కెట్టు పెట్టేవాడు. "నా తరఫున కాసేపు నిద్రపో," అని తన గడియారాల దుకాణం పక్కన ఇస్త్రీ చేసే ఆవిణ్ణి ఇంటికి తోలి, ఆవిడ బట్టలకి కాపలా కూర్చునేవాడు.

నేను చదువు మానేసినప్పుడు (కాలేజీయే నన్ను భరించలేక మానుకుందని నా వాదన) నాకు కంచం పెట్టొద్దని నాన్న ఇంట్లో చెప్పేశాడు. మామయ్య దగ్గర్నుంచి కబురు: "ఆకలిగా లేదురా. నా తరఫున తినిపో." ఏళ్ల తరబడి తిన్నాను. ఈయనకసలు ఆకలే పుట్టదనుకున్నాను.

ఒక పొద్దున ఆయన కుడిచెయ్యి పడిపోయింది. మనిషి దక్కడం కష్టమన్నారు. దుకాణం అత్త పేరుకి మార్చాలని ఆయన పట్టు. ప్లీడరు ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చాడు.

"ఈ పవర్ ఆఫ్ అటార్నీతో మీ బదులు ఇతను సంతకం పెట్టొచ్చు. అంతేగాని దుకాణం ఇతనిదైపోదు. మీకిష్టం లేకపోతే ఎప్పుడైనా రద్దు చెయ్యొచ్చు."

"నేను పోతే?"

"ఆ క్షణమే ఇదీ పోతుంది."

మామయ్య నావైపు తిరిగాడు. "విన్నావుగా. నా ఊపిరున్నన్నాళ్లే నీ ఉద్యోగం. బద్ధకించకు."

"నువ్వు బద్ధకించకు మామయ్యా," అన్నాను.

రిజిస్ట్రారు ఆఫీసుకి ఇస్త్రీ చొక్కాలో వెళ్లాను. వరసలో ముందువాడికీ వెనకవాడికీ నా హోదా వివరించాను. నా వంతు వచ్చింది, పెన్ను మూత తీశాను. ప్లీడరు ఫోను మోగింది. విని, నా చేతిలోంచి పెన్ను మెల్లగా తీసుకున్నాడు.

"ఒక్క సంతకమేగా," అన్నాను.

"ఇప్పుడు పెడితే అది దొంగ సంతకం బాబూ. మీ అత్తకి వారసురాలిగా వస్తుందిలే. కాస్త తిరగాలి, అంతే."

పెన్ను మూత జేబులో వేసుకుని వరసలోంచి బయటికొచ్చాను.

పరామర్శకి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక అత్త కంచం పెట్టింది.

"మామయ్యకి ఎప్పుడూ ఆకలుండేది కాదు కదత్తా," అన్నాను.

"ఎవరన్నారు? నువ్వు గుమ్మం దాటగానే గిన్నె అడుగు గీక్కుని తినేవాడు. కూర్చో, ఆయన తరఫున తిను."

"ఆ పవర్ పోయిందటత్తా."

అత్త కళ్లు తుడుచుకుంది. "అయితే నా తరఫున తిను. నేనింకా ఉన్నానుగా."

పొద్దుట్నుంచీ ఆవిడ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

"సగమే తింటాను," అన్నాను. "మిగతా సగం నా తరఫున నువ్వు తినాలి."

కంచం మధ్యలో వేలితో గీత గీశాను. నా సగం కాస్త పెద్దదేలెండి.