సాలీడు హాని చేయదన్న ఉదయం

వానలు ముదిరిన జూలైలో, ఫరీదాబాద్ వెలుపలి గుట్టల్లోని మందుగుండు డిపోకు కాపలా దళంతో చేరాను. అప్పుడు నేను సైన్యంలో సుబేదారును. ఎర్రమట్టి, తుమ్మ పొదలు, ఇసుక బస్తాల బంకరు. మంచాలు చాలలేదు. ఇంకా మంచాలు పంపమని పైవాళ్ళకు రెండుసార్లు వ్రాశాను, రాలేదు. రేడియో ఆపరేటర్ నేలమీదే పరుపు వేసుకునేవాడు. అనంతపురం వాడు. దళంలో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే.

ఒక ఉదయం అయిదున్నరకు అతను లేవలేకపోయాడు. తలవైపు గోడమీద అరచేయంత సాలీడు. వంటవాడు దాన్ని చెప్పుతో కొట్టి తిండిగిన్నెలో వేశాడు. కరిచిన పురుగును వైద్యానికి వెంట తీసుకువెళ్ళడం మా వాళ్ళ ఆనవాయితీ.

“కడుపులో మెలిపెడతాంది సాబ్. నీళ్ళు గూడా మింగుడు పడల్యా,” అన్నాడు ఆపరేటర్ నాతో. ఆ మాట మిగతావాళ్ళకు హిందీలో చెప్పాను.

“రాత్రి రాజ్మా కూర రెండుసార్లు పెట్టించుకున్నావు కదా భయ్యా,” అని వంటవాడు నవ్వాడు.

దళంలోని వైద్య సహాయకుడు వచ్చి గిన్నెను వెలుగులోకి తిప్పాడు. గోధుమరంగు, చదునైన ఒళ్ళు, పక్కలకు చాచిన పొడవాటి కాళ్ళు.

“బొద్దింకలను వేటాడే సాలీడు సాబ్. గూడు కూడా అల్లదు. కరిచినా కాస్త మంట, అంతే. మనుషులకు హాని లేదు.”

ప్రతి మాటా నిజం. ఆ నిజంతోనే పరీక్ష ముగించాడు. ఒంటిమీద కాటు గుర్తు కనబడలేదు కనుక ఒక మాత్ర ఇచ్చి, “డ్యూటీ ఎగ్గొట్టే నాటకం,” అన్నాడు.

“నాటకాలాడల్యా సాబ్. కండ్లు తెరుచుకోవడం ల్యా.” మాట ముద్దగా వచ్చింది.

అతన్ని పక్కకు జరిపి పరుపు దులిపించాను. మడతలోంచి కట్లపాము జారింది. దాని కాటు నొప్పి పెట్టదు. గుర్తు కూడా సరిగా కనబడదు. కానీ దాని విషానికి ముందు రెప్పలు, గొంతు, చివరికి ఊపిరి చచ్చుబడతాయి. రేడియో నేనే అందుకున్నాను.

“పాముకాటు. బండి కావాలి.”

“సాలీడని మీ వైద్య సహాయకుడి రిపోర్టు వచ్చింది. నిర్ధారించండి,” అన్నారు అవతలి నుంచి.

“పామును కళ్ళారా చూశాను. మనిషి పోతున్నాడు. బండి పంపండి.”

పంపారు. ఢిల్లీ ఆసుపత్రికి వెళ్ళే దారిలో, వాహనాల రద్దీలో, అతని ఊపిరి ఆగింది.

మీ గోడమీద అలాంటి సాలీడు కనబడితే చంపకండి. అది మీకు చేసే కీడు లేదు. కానీ పురుగును పరీక్షించి మనిషిని వదిలేసే వైద్యాన్ని నేను ఈనాటికీ క్షమించను. విచారణకు వ్రాసి ఇచ్చిన నా వాంగ్మూలానికి జవాబు లేదు.

సర్వీసు ముగిసి కాకినాడకు తిరిగి వచ్చాను. ఒక్కటి మాత్రం నన్ను వదలలేదు. బండిలో అతను నన్ను చూడటానికి చూపుడువేలితో తన రెప్పను పైకెత్తి పట్టుకున్నాడు. కాసేపటికి ఆ వేలు జారిపోయింది. అప్పుడు ఆ రెప్పను నా వేలితో ఎత్తి పట్టుకున్నాను. ఆసుపత్రి గేటు దాకా దించలేదు.