శాంతి వేలికి రాసిన డ్రైవర్

ఎలీషా అద్దంకిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాడు. ఇంటికొచ్చాక పాత టీవీ బోర్డుల నుంచి చిప్పులు ఊడదీసి, ప్రింటరు తగిలించే చోట రెండు తీగలతో వాటిని తన కంప్యూటరుకు కలపడం అతని సరదా. ఆ తీగల మీద చిప్పు పంపే అంకెలు కంప్యూటరుకు అర్థం కావాలంటే మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాం కావాలి. దాన్ని డ్రైవర్ అంటారు. అది రాయడంలో పడితే అతనికి అన్నం కూడా గుర్తుండేది కాదు.

భార్య శాంతి చర్చిలో పాట ఎత్తుకునేది. 2002లో ఆమె గొంతు తడబడింది. తర్వాత మాట ముద్దయింది. గుంటూరులో డాక్టరు చూసి నరాల జబ్బన్నాడు, మందు లేదన్నాడు. ఏడాది తిరిగేసరికి కళ్లూ, కుడిచేతి చూపుడువేలూ తప్ప ఒంట్లో ఏదీ ఆమె స్వాధీనంలో లేదు. తల్లి ఆదెమ్మ మిరపకోతలు మానుకుని వచ్చి కూతురి దగ్గరే ఉండిపోయింది.

బటను నొక్కే బలం ఆ వేలికి లేదు. ఎలీషా చిన్న వంపును కూడా పసిగట్టే పట్టీ ఒకటి తెప్పించి, ఆ వేలికి కట్టి, చిప్పుకు కలిపాడు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. కావాల్సిన అక్షరం దగ్గర శాంతి వేలు కదిపితే చాలు. కానీ డ్రైవర్ కాసేపు నడిచి బిగుసుకుపోయేది. కాలేజీ నుంచి రాగానే అతను మంచానికి వీపు పెట్టి కంప్యూటరు ముందు కూర్చునేవాడు.

"ఇటు తిరుగు బాబూ. అది నిన్నే చూస్తోంది," అనేది ఆదెమ్మ.

"అయిపోవచ్చింది అత్తయ్యా."

కళ్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో తప్పు దొరికింది. మాట మధ్యలో ఆగిన చిప్పు తీగను పట్టుకుని వదలడం లేదు, వెనకొచ్చే అంకెలకు దారి ఉండటం లేదు. దాన్ని విడిపించి మళ్లీ మొదలుపెట్టేలా ఎలీషా నాలుగు లైన్లు రాశాడు. ఘాటుకు దగ్గొస్తుందని కిటికీలు మూసిన ఆ గదిలో, తెర మీద శాంతి మొదటి మాట పడింది. వత్తులు పెట్టే ఏర్పాటు ఇంకా లేదు. "అమ" అని ఉంది.

ఆదెమ్మకు చదువు రాదు. "నిన్నే పిలిచింది అత్తయ్యా," అన్నాడతను. ఆమె కూతురి పాదాలు పట్టుకుని ఏడ్చింది.

ఆ వేసవంతా శాంతి మాట్లాడింది. చారులో ఉప్పు లేదంది. ఫ్యాను తగ్గించమంది. ఇప్పుడు పాట ఎవరు ఎత్తుకుంటున్నారని అడిగింది. వానలు పడ్డాక వేలు మందగించింది. అక్షరం దాటిపోయాక కదిలేది. పట్టీని కనురెప్పకు మారుద్దామని ఎలీషా మళ్లీ తీగలు విప్పబోతుంటే, ఆమె చాలాసేపు కష్టపడి రాసింది: "చాలు. పకన కూచోండి."

అతను కంప్యూటరు ఆపేశాడు. మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ పట్టీ కట్టలేదు. క్రిస్మస్ రాకముందే శాంతి పోయింది.

చుట్టాలంతా వెళ్లాక ఆదెమ్మ కంప్యూటరు దగ్గరికొచ్చింది.

"అది రాసినవన్నీ ఇందులో ఉంటాయిగా బాబూ. ఒకసారి చదివి వినిపించు."

తెర నిండగానే అక్షరాలు చెరిగిపోయేవి. వాటిని దాచాలన్న ఆలోచనే ఎలీషాకు రాలేదు.

"ఏవీ లేవు అత్తయ్యా."

"ఒక్కటీ లేదా?"

"లేదు."

మర్నాడు ఆదెమ్మ సంచి సర్దుకుని ఊరికి వెళ్లిపోయింది.

ఎలీషా ఆ డ్రైవర్‌ను ఎవరైనా వాడుకునేలా నెట్‌లో పెట్టాడు. 2007లో ఎవరో ముక్కూమొహం తెలియనతను, తన అన్నకు మాట పడిపోయిందని, దాన్ని ఎలా నడపాలో చెప్పమని రాశాడు. ఎలీషా ఆ ఆదివారం చర్చికి వెళ్లలేదు. మాటల్ని దాచే భాగం అప్పుడు రాశాడు. సరిచూడటానికి పట్టీ తన వేలికే కట్టుకున్నాడు. ఏం రాయాలో తోచలేదు. అ, ఆ, ఇ, ఈ అని రాసి ఆపాడు. ఫైలు తెరిచి చూస్తే, నాలుగూ ఉన్నాయి.