అడగకుండా పెట్టిన రొట్టె

గుణదలలో మా మేడమీది పోర్షన్‌లోకి బీహారు నుంచి ఒక జంట అద్దెకు వచ్చింది. అతనికి ఇబ్రహీంపట్నంలో కాంట్రాక్టు పని. పొద్దున్నే బండి మీద పోతే చీకటి పడ్డాకే రావడం. ఆ అమ్మాయి ఒక్కతే ఉండేది. కొత్తలో మెట్ల మీద ఎదురైతే నవ్వేది. వానలు మొదలయ్యేసరికి అదీ మానేసింది. ఆరేసిన బట్టలు తడుస్తున్నా తీసేది కాదు.

"ఆ పిల్ల వంట చేస్తున్నట్టు లేదే. పోపు వాసనైనా రావట్లేదు," అన్నారు మా అత్తగారు.

నన్ను వెంటబెట్టుకుని పైకి వెళ్ళారు. ఆవిడకు హిందీ రాదు. మా పుట్టిల్లు అనంతపురం వైపు, నేను హిందీ చదువుకున్నదాన్ని. అందుకని అటు మాట ఇటు, ఇటు మాట అటు నేనే చెప్పాలి. భర్త క్యాంటీన్‌లో తినేస్తాడట. తనొక్కదాని కోసం వండబుద్ధి కాదట. అన్నం గొంతు దిగదట, టీ బిస్కెట్లతో సరిపెడుతోందట. నిద్ర లేదు. ఎందుకో తెలియకుండానే ఏడుపొస్తుందట.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. రక్తం బాగా తక్కువగా ఉందనీ, తిండి మానేస్తే దిగులు పెరుగుతుందనీ, దిగులు పెరిగితే తిండి మీదికి మనసు పోదనీ, రెండూ కలిపే చూడాలనీ ఆవిడ చెప్పింది. మందులు రాసి, "నీకు అలవాటైన తిండే తినమ్మా," అంది.

అత్తగారు ఆ మాట పట్టుకున్నారు. వన్ టౌన్‌కి వెళ్ళి గోధుమపిండి, ఆవనూనె తెచ్చారు. శనగలు వేయించి సత్తుపిండి ఆడించారు. ఆ నూనె ఘాటుకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ, ఆ అమ్మాయి చెప్పినట్టల్లా వండారు. రొట్టె తుంచి చేతికి అందించేవారు.

"ఇంకొక్కటి తినమని చెప్పవే, మా తల్లి కదూ అని చెప్పు."

చెప్పాను, ఆ గారంతో సహా. చెబుతుంటే నా కడుపు మండిపోయింది.

నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మూడు పూటలా వరి అన్నమే. రాగి సంగటీ, పల్లీల ఊరుబిండి పచ్చడీ లేక తిన్నట్టే ఉండేది కాదు. రాగిపిండి తెచ్చుకుంటే, "మన ఇళ్ళల్లో ఇవి తినరమ్మా," అని అత్తగారు డబ్బా పై అరలో పెట్టేశారు. ఆ ఏడాదంతా స్నానాల గదిలో కుళాయి విప్పుకుని ఏడ్చాను. చిక్కిపోతే, కొత్త పెళ్ళికూతురు కదా, బెంగ అన్నారు.

చలికాలానికి ఆ అమ్మాయి తేరుకుంది. మందులు వాడుతూనే ఉంది గానీ, మళ్ళీ వండుకుంటోంది, నిద్రపోతోంది. ఒకరోజు మా వంటింట్లో రొట్టెలు వత్తుతూ నన్నేదో అడిగింది.

"ఏమంటోందే?" అన్నారు అత్తగారు.

"నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నాక్కూడా మీరు ఇలాగే చేసి పెట్టారా అంటోంది."

ఆవిడ చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది.

"నువ్వు అడగలేదుగా," అన్నారు.

"తనూ అడగలేదు అత్తయ్యా."

వారం తిరక్కుండా అత్తగారు సంగటి చేశారు. ఉండలు కట్టింది. నా కంచంలో పెట్టి ఎదురుగా కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నానో లేదో, పైనుంచి "అమ్మా" అని పిలిచింది ఆ అమ్మాయి. అత్తగారు లేవబోయారు.

"నేను తినేదాకా కూర్చోండి," అన్నాను.

కూర్చున్నారు.