బోల్టులు బిగించి వెళ్ళిన దొంగ

మా తమ్ముడు క్లిఫ్ నోవిట్‌స్కీ గురించి మా ఊరు ఫ్లింట్‌లో ఎవరినడిగినా ఒకటే మాట: ఇంజిన్ లేని కారుకు రంగులేసుకునే పిచ్చోడు. అలా అన్నవాళ్ళ నోళ్ళు అక్కగా నేను చాలాసార్లే మూయించాను. కానీ అందులో అబద్ధమేమీ లేదు. మా ఇంటి వెనక షెడ్డులో నాన్న అరవై తొమ్మిదిలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కొత్తగా కొనుక్కున్న షెవెల్ కారు ఉంది. తుప్పు పట్టిన చోటల్లా కోసి కొత్త రేకు అతికించి, మళ్ళీ ఆ ఆకుపచ్చ రంగే వేసింది క్లిఫ్. సీట్లు కుట్టింది నేను. బానెట్ ఎత్తితే మాత్రం షెడ్డు నేల కనబడేది.

నాన్న ఆఖరి రోజుల్లో మేమిద్దరం ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన ఉంటే, ఎవడో షెడ్డు తాళం పగలగొట్టి ఇంజిన్ ఎత్తుకుపోయాడు. విడ్డూరం ఏమిటంటే, వాడు విప్పిన ప్రతి బోల్టునూ తిరిగి దాని రంధ్రంలోనే పెట్టి, చేత్తో తిప్పి మరీ వెళ్ళాడు. కింద నూనె చుక్క కూడా లేదు. అది నాన్న పద్ధతి. ఏది విప్పినా బోల్టును దాని ఇంట్లోనే పెట్టండి, లేదంటే రేపు వెతుక్కుని ఏడుస్తారు, అనేవాడు. నాన్న చూసుంటే ఆ దొంగకి ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇప్పించేవాడని క్లిఫ్ హాస్యమాడేవాడు. అందరం నవ్వేవాళ్ళం. అందరికంటే ఎక్కువ రస్ నవ్వేవాడు.

రస్ మా ఎదురింటివాడు. క్లిఫ్‌తో పాటు నాన్న దగ్గరే పానా పట్టడం నేర్చుకున్నాడు. నాన్న శవపేటికను మోసినవాళ్ళలో వాడూ ఉన్నాడు. ఫ్యాక్టరీలో ఇంజిన్ మీద పొడిచిన నంబరు బండి నంబరుతో కలిస్తేనే అది నాన్న ఇంజిన్. ఇంకొకటి పెట్టనని క్లిఫ్ భీష్మించుకుని కూర్చున్నాడు. పాత సామాన్ల సంత ఎక్కడ జరిగినా ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. రస్ మోకాళ్ళ మీద కూర్చుని, తుప్పు గీకి, నంబరు చదివి, ఇది కాదని తల ఊపేవాడు. తిరుగుదారిలో ఉల్లిపాయలు దట్టించిన కోనీ సాసేజ్ బన్నులు తినేవాళ్ళు. నాన్న బండిని నాన్న ఇంజిన్‌తో ఒక్కసారి వీధిలోకి తోలాలి, అంతే మా వాడి కోరిక.

మొన్న ఆగస్టులో కుట్టిన సీటు కవర్లు ఇద్దామని రస్ గ్యారేజీకి వెళ్ళాను. వాడు తన నల్ల కమారో కారుకు డైనమో మారుస్తున్నాడు. ఆ ఇంజిన్ గర్జిస్తే వీధంతా అదిరేది. దాన్ని క్లిఫ్ మెచ్చుకోని శనివారం లేదు. రస్ పాత డైనమో విప్పి పక్కన పెట్టాడు. నాతో కబుర్లు చెబుతూనే బోల్టులు తిరిగి రంధ్రాల్లో పెట్టి చేత్తో తిప్పాడు. నేను వంగి ఇంజిన్ వైపు చూశాను. డైనమో చాటున నంబరు పొడిచే చోట మందంగా నారింజ రంగు పులిమి ఉంది. మిగతా ఇంజినంతా నీటుగా ఉంది.

వాడు బీరు తేవడానికి లోపలికి వెళ్ళగానే నా కుట్టు కత్తితో ఆ రంగు గీకాను. ఒక్కో అంకే బయటపడింది. క్లిఫ్ నిద్రలో లేపినా చెప్పే నంబరు అది. ఒళ్ళు మండిపోయి, వీధి అదిరేలా క్లిఫ్‌ను కేకేశాను.

క్లిఫ్ చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. వంగి చదివాడు. మళ్ళీ చదివాడు. రస్ సీసాలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

"సంతలన్నీ నా వెంట ఎందుకు తిరిగావురా?" అన్నాడు క్లిఫ్.

"కొన్నాళ్ళకి నువ్వే మానేస్తావనుకున్నా," అన్నాడు రస్. "మీ నాన్న పోతే బండి తుక్కుకి వేస్తారనుకున్నానురా. అంత మంచి ఇంజిన్. తర్వాత చెబుదామంటే నోరు రాలేదు."

"ఆసుపత్రికి వెళ్తూ ఇల్లు చూస్తుండమని నీకే చెప్పాం కదరా. షెడ్డు తాళంచెవి నీ జేబులోనే ఉంది. మరి తాళం ఎందుకు పగలగొట్టావు?"

రస్ సీసాలు బల్ల మీద పెట్టాడు. దాన్ని నమ్మకద్రోహం అంటారని నేనే వాడి మొహాన చెప్పాను.

ఆ వారంలోనే వాడు ఇంజిన్ దింపి తెచ్చి మా షెడ్డు ముందు పెట్టి వెళ్ళాడు. క్లిఫ్ ఎవరి సాయమూ అడగకుండా దాన్ని బిగించి, తాళం తిప్పాడు. నాన్న బండి మెత్తగా గురగురమనేది. ఇది గర్జించింది. ఎప్పుడో సిలిండర్లు తొలిచి, లోపలి సామానంతా మార్చేశాడు రస్.

క్లిఫ్ ఇంజిన్ ఆపేసి స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. "ఇన్నేళ్ళూ ప్రతి శనివారం విన్నాను డార్లా. మెచ్చుకున్నాను కూడా. ఇది నాన్నది కాదు. వాడి గొంతు."

మర్నాడు ఇంజిన్ విప్పేశాడు. నేను అలవాటు కొద్దీ ఒక బోల్టు తీసి దాని రంధ్రంలో పెట్టబోయాను. క్లిఫ్ నా చేతిలోంచి దాన్ని లాక్కుని పాత కాఫీ డబ్బాలో పడేశాడు. మిగిలినవన్నీ కూడా అందులోనే పోశాడు. డబ్బాను బాగా కుదిపి మూత పెట్టాడు.