ఓబులేసు ఇంటి ముందు ఆగే బస్సు

ఈ యాత్రకు నేను కోరి పోలేదు. మా బావమరిది ఫోనులో ప్రకటన చూసి టికెట్టు కొన్నాడు, పోయే ముందురోజు జ్వరంతో పడుకున్నాడు, దుడ్లు వృథా అవుతాయని నన్ను తరిమాడు. యాత్ర పేరు ‘నెత్తుటి దారి’. ఎక్కడెక్కడ ఎవరెవరిని చంపారో బస్సులో తిప్పి చూపిస్తారట. మనిషి చచ్చిన చోటుకు టికెట్టు పెట్టే కాలం వచ్చిందని నవ్వుకుంటూ పామిడిలో ఆరున్నర బస్సెక్కాను. గార్లదిన్నె దాటేసరికి ఎండ చురుక్కుమంది. రోడ్డుకు రెండు వైపులా వాన కోసం దున్ని వదిలేసిన చేలు, ఎర్రగా, ఖాళీగా ఉన్నాయి.

అనంతపురంలో ఎనిమిదింటికి యాత్ర బస్సు సిద్ధంగా ఉంది. టికెట్టులో రెండు ఇడ్లీలు, ఒక నీళ్ల సీసా కలిసి ఉన్నాయి. ఇడ్లీలు చల్లగా, నీళ్లు వెచ్చగా ఉన్నాయి. గైడు పేరు మధు. ఇంతకు ముందు గుడులు చూపించేవాడట. గుడులకంటే ఖూనీలకు గిరాకీ ఎక్కువని తెలుసుకున్న మేధావి. ఎండలో నల్లకోటు వేసుకుని మైకు పట్టుకున్నాడు.

“నేను వట్టి గైడును కాదు. పోలీసోళ్లు వదిలేసిన కేసులు నేను పట్టుకుంటా. దాని మీద నవల గూడా రాస్తాండా. అందులో హీరో ఒక గైడు” అన్నాడు. ఆ హీరో ఎవరో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

పక్క సీటులో కూర్చున్న లావుపాటి ఆసామి నా భుజం తట్టి, “రక్తం మరకలు ఇంకా ఉంటాయంటావా అన్నా?” అని ఆశగా అడిగాడు. పదేళ్ల కిందటి ఖూనీకి మరకలు ఉండవని చెబితే ముఖం మాడ్చుకున్నాడు.

పది గంటలకు ధర్మవరం దారిలో ఒక ఊరి బయట దిగాం. పాడుపడ్డ బావి. పట్టు షావుకారు ఒకాయన శవం ఇందులోనే తేలిందట. మధు గొంతు తగ్గించి, “ఆ రాత్రి అమావాస్య. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి” అన్నాడు. పట్టపగలు ఆడవాళ్లు ఇద్దరు వణికారు. లావుపాటి ఆసామి బావిలోకి తొంగిచూసి ఫోటో తీసుకున్నాడు.

అక్కడినుంచి బస్సు ఊళ్లోకి పోయి ఒక రేకుల ఇంటి ముందు ఆగింది. మధు మైకు పెంచాడు. “ఈ ఇంట్లో రోజూ తెల్లారకముందే మగ్గం చప్పుడు మొదలవుతాది. ఖూనీ జరిగిన పొద్దు మాత్రం పగలంతా చప్పుడు లేదు. ఎందుకు? షావుకారుతో కూలి కాడ గొడవ పడిన ఓబులేసు ఏం ఆలోచిస్తా కూచున్నాడు?”

అందరూ కిటికీల్లోంచి మెడలు సాచారు. గడపలో యాభై ఏళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. తలుపు వేసుకోలేదు, తల దించుకోలేదు.

నాకు ఒళ్లు మండింది. మా నాయన ధర్మవరంలో మగ్గం నేసినవాడు. అమావాస్య నాడు నేతగాళ్లు మగ్గంలోకి దిగరు. అది వాళ్ల సెలవు. ఆ మాటే లేచి గట్టిగా చెప్పాను. “అమావాస్య అని బావి కాడ నువ్వే కదప్పా చెప్పింది?”

మధు వెంటనే నవ్వాడు. “అదే సార్ నేను చెప్పేది! సెలవు కాబట్టే ఖూనీకి టైము దొరికింది!”

బస్సంతా చప్పట్లు కొట్టింది.

“అట్లయితే ఆ పొద్దు ధర్మవరమంతా ఖాళీనే. అందరి ఇండ్ల ముందూ ఆపు” అని చెప్పి దిగిపోయాను. ఎవరూ ఆపలేదు. బస్సు దుమ్ము రేపుకుంటూ తరువాతి శవం దగ్గరికి పోయింది.

ఓబులేసు నన్ను లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాడు. మగ్గం మీద పోగు లేదు. “పోలీసోళ్లు నన్ను ఆ కాలంలోనే ఇడిసిపెట్టినారన్నా. అమావాస్య సంగతి ఆ గైడు పిల్లోనికీ చెప్పినా, కతకు అడ్డమొస్తాదన్నాడు. ఈ బస్సు వచ్చేది మొదలైనంక షావుకార్లు పట్టు ఇయ్యడం మానేసినారు. ఖూనీ చేసినోడు నేసిన పెండ్లిచీర ఎవురు కట్టుకుంటారంటాండారు” అన్నాడు. నేయడం తప్ప అతనికి వేరే పని రాదు, ఇంట్లో పస్తులు. ఆ ఖాళీ మగ్గం చూస్తే నాకు ఏడుపు వచ్చింది, ఆ నల్లకోటును తలుచుకుంటే అసహ్యమేసింది.

ఒంటిగంటకు అనంతపురం పోయే పల్లెవెలుగు ఎక్కాను. కండక్టరు టికెట్టు కొడుతూ, “ఆ హంతకుని ఇల్లు చూసొచ్చినారా సార్?” అన్నాడు.

మంచి అవకాశం దొరికిందనుకున్నాను. బస్సంతా వినబడేలా అమావాస్య సంగతి, మగ్గం సంగతి, పస్తుల సంగతి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. వెనకసీటు ముసలాయన, “పాపం, ఓబులేసు కాదన్నమాట” అని నిట్టూర్చాడు. అనుకున్న పని అయిందని నాకు తృప్తి కలిగింది.

“అయితే ఎవురప్పా సంపినోడు?” అన్నాడు ముసలాయన.

తలలన్నీ నా వైపు తిరిగాయి. నాకు తెలియదన్నాను.

“ఎవురో తెలీకుండా, ఆయప్ప కాదని నువ్వెట్ల చెప్తావు?” అన్నాడు కండక్టరు.

అవునవునన్నారు అందరూ. మధు రాస్తున్న నవలకు పాఠకులు కరువు కారని అప్పుడు తెలిసింది. అనంతపురం చేరేలోపు, నా కళ్ల ముందే, ఓబులేసు మళ్లీ హంతకుడయ్యాడు.