పాలపొడి డబ్బాలో యుద్ధాలు

వెంకటేశం యుద్ధాలను పాలపొడి డబ్బాలో దాచుకున్నాడు. కొడుకు ప్రేమ్‌కుమార్ మస్కట్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిన పెద్ద డబ్బా అది. పొడి అయిపోయాక అందులోకి కంచు బిళ్ళలు చేరాయి. ఎక్కడెక్కడో జరిగిన యుద్ధాల జ్ఞాపకార్థం అచ్చువేసిన పతకాలు. ఒకదాని మీద ఓడ. ఒకదాని మీద తుపాకి భుజాన వేసుకున్న సిపాయి. ఇంకోదాని మీద ఎవరో రాజు తల, చుట్టూ చదవరాని అక్షరాలు.

జగిత్యాలలో పాత గిన్నెలు తీసుకొని కొత్తవి ఇచ్చే దుకాణంలో అతనికి పని. గల్ఫుకు పోయే మనిషి ఉన్న ఇంటినుంచి వీసా ఖర్చుల కోసం అమ్మే కంచాలు, చెంబులు, గుండిగలు మూటలుగా వచ్చేవి. ఆ మూటల అడుగున అప్పుడప్పుడు ఒక బిళ్ళ దొరికేది. ఏ తాతో ఫౌజులో చేసినప్పుడు తెచ్చుకున్నది. తెచ్చినవాళ్ళకే అది ఏమిటో తెలియదు. కరగడానికి పోయే కుప్పలోంచి వెంకటేశం దాన్ని ఏరి పక్కన పెట్టి, మర్నాడు ఇంటినుంచి అంత బరువున్న ఇత్తడి సామాను తెచ్చి ఆ కుప్పలో వేసేవాడు.

"మా ఇంట్ల గంటెలన్నీ లడాయికి పోయినయి. ఒక్కటన్న తిరిగొస్తదేమో సూడాలె" అనేది భార్య దుర్గవ్వ, బతికున్న రోజుల్లో.

ఏ యుద్ధం బిళ్ళ దొరికినా వెంకటేశం ముందు దాని మీద సామాన్యుడి కోసం వెతికేవాడు. వంటవాడో, నీళ్ళు మోసేవాడో, మూట నెత్తిన పెట్టుకొని పారిపోయేవాడో ఒక మూలనైనా ఉంటాడేమోనని. ఒక్కదాని మీదా కనబడలేదు.

అతని దగ్గరికి మొదట చేరిన బిళ్ళ మాత్రం దుకాణంలో దొరికింది కాదు. అది జానీమియాది.

జానీమియాది కూడా వెంకటేశం ఊరు కోరుట్లే. ఇద్దరూ కువైట్‌లో ఒకే లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేసేవారు. ఒక శుక్రవారం పాత సామాన్ల సంతలో జానీమియా ఆ బిళ్ళ కొన్నాడు. ఈతచెట్టు, ఒంటె, ఒంటె మీద సైనికుడు. ఏదో పాత యుద్ధానిది.

"మా తాత నిజాం ఫౌజుల గుర్రమెక్కి గిసొంటి ఎడారిలకే అచ్చిండట. నేను ఇస్త్రీ పెట్టె వట్టుకొని అచ్చిన. గంతే ఫరక్" అని నవ్వాడు.

ఆ తర్వాతి ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. లాండ్రీ మూతపడింది. ఒంటి మీది బట్టలతో ఇద్దరూ లారీ ఎక్కి జోర్డాన్ సరిహద్దు దారి పట్టారు. అక్కడి గుడారాల్లో విమానం కోసం ఎదురుచూస్తుండగా జానీమియాకు జ్వరం, వాంతులు మొదలయ్యాయి. కోరుట్ల పేరు తలుచుకుంటూనే పోయాడు.

గుడారాల వెనక గుంట తవ్వి పూడ్చారు. అందరితోపాటు వెంకటేశం కూడా పిడికిళ్ళతో మట్టి వేశాడు. తాగడానికే నీళ్ళు లేని చోట ఎవరో ఒక డబ్బాడు నీళ్ళు తెచ్చి సమాధి మీద చల్లారు. ఆ తడిమట్టి మీద వెంకటేశం జానీమియా బిళ్ళను గట్టిగా అదిమాడు. ఒంటె కాళ్ళ మధ్య, ఈతాకుల సందుల్లో మట్టి పట్టుకుంది. దాన్ని చేతిరుమాలులో చుట్టి, ఇంటిదాకా విప్పలేదు.

జానీమియా భార్య జోహరా బీ దాన్ని ముట్టలేదు. "ఉండనియ్యి భాయ్. నేను చేతుల వట్టుకుంటే ఆయన పోయిండని ఒప్పుకున్నట్టే గదా" అంది. ప్రతి రంజాన్‌కూ వెంకటేశం రుమాలు మూట తీసుకుపోయేవాడు. ఆమె సేమియా పెట్టి, మూటను అతని చేతిలోనే తిరిగి పెట్టేది. ఒంటరిగా ఆ ఒక్క బిళ్ళను ఇంట్లో చూస్తూ ఉండలేక, దానికి తోడుగా మిగతావి పోగుచేశాడేమో. రుమాలు చిరిగిపోయాక దాన్నీ డబ్బాలోనే వేశాడు. ఏ బిళ్ళనూ కడగనిచ్చేవాడు కాదు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆమె కొడుకు జహీర్ ఒక బుధవారం వచ్చాడు.

"అమ్మీ శుక్రారం వస్తదట మామా. పానం బాగుంటలేదు గదా. అబ్బా గోరీ మీది మట్టి తన గోరీల ఎయ్యుండ్రి అంటున్నది. ఇప్పుడు తీసుకుంటదట."

గురువారం పొద్దున వెంకటేశం డబ్బా దించి మూత తీశాడు. ఒంటె బిళ్ళను చూసుకున్నాడు. మట్టి అట్లాగే ఉంది. ఇంతలో బస్సు వేళయింది. డబ్బాను మంచం మీదే పెట్టి జగిత్యాల పోయాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాకిట్లో తువ్వాల పరిచి ఉంది. దాని మీద బిళ్ళలన్నీ వరసగా, పండగనాటి దీపపు కుందుల్లా మెరుస్తున్నాయి. మంచం మీద మనవరాలు హన్సి నిద్రపోతోంది.

కోడలు సరిత ఎదురొచ్చింది. బీఎస్సీ చదివిన పిల్ల. బిడ్డ పుట్టినప్పటినుంచి ఇంట్లో ప్రతి వస్తువునూ అది నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందో అన్న కంటితోనే చూస్తుంది.

"హన్సి ఒక బిళ్ళ నోట్ల వెట్టుకుంది మామయ్యా. దాని నిండ పచ్చటి చిలుమే. గది విషం. డాక్టరుకు ఫోన్ చేసిన, భయం లేదన్నడు. మళ్ళ నోట్ల వెట్టుకుంటదేమోనని అన్నీ చింతపండు, ఉప్పు వేసి తోమిన."

వెంకటేశం తువ్వాల దగ్గర కూర్చున్నాడు. ఒంటె బిళ్ళను తీసి గోటితో సందులు తడిమాడు. కంచు చల్లగా, నున్నగా తగిలింది.

"గీంట్ల మట్టి ఉండె గదా బిడ్డా."

"ఉండె. పీచుతోటి రుద్దితే గాని పోలే."

వెంకటేశం బిళ్ళను తిరిగి వరసలో పెట్టాడు. తర్వాత జానీమియా సంగతి, రేపు రాబోయే జోహరా బీ సంగతి చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, నేలను చూస్తూ.

వింటూనే సరిత లేచింది. "పారబొయ్యలే మామయ్యా. హన్సి ఏడిస్తే మధ్యల లేచిపోయిన. నీళ్ళు తొట్టిలనే ఉన్నయి."

నల్లా పక్కన తొట్టి ఉంది. ఎర్రగా, పచ్చగా కలిసిన చిక్కటి నీళ్ళు. సరిత దాన్ని కదిలించకుండా మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఉప్పు నీళ్ళల్ల కరుగుతది. ఇసుక కరగదు, కిందికి దిగుతది. జర సేపు ముట్టకుండ్రి."

పైనీళ్ళను మెల్లగా వంచింది. మళ్ళీ మంచినీళ్ళు పోసింది, కుదుటపడనిచ్చింది, వంచింది. తేలిన చింతపండు పీచును వేళ్ళతో ఏరింది. ఆఖరికి మామ పాత ధోతి ముక్కలో వడగడితే చిటికెడు మట్టి మిగిలింది. వెంకటేశం గుడ్డ దగ్గర వంగాడు. అతని కళ్ళు వెలిగాయి. సరిత ముఖం మాత్రం వెలగలేదు.

"కని మామయ్యా, అన్నీ ఒక్క తొట్టిలనే తోమిన. అన్నిటి మట్టి కలిసింది. ఏది ఆయనదో నేను చెప్పలేను."

"చెప్పకు. రేపు ఊకో. ముసల్ది, దానికేం తెలుస్తది" అన్నాడు వెంకటేశం. అని, తన మాట తనకే నచ్చక తల తిప్పుకున్నాడు.

శుక్రవారం నమాజు తర్వాత జహీర్ తల్లిని ఆటోలో దించాడు. జోహరా బీ కుర్చీలో కూర్చొని ఊపిరి తీసుకుంది. వెంకటేశం గుడ్డ మూటను చేతిలో పట్టుకున్నాడు గాని, అందించలేకపోయాడు. ఇన్నేళ్ళూ ఆమె వద్దంటే తిరిగి తెచ్చుకున్నాడు. ఈ రోజు ఆమె చెయ్యి చాచింది.

"భాబీ, గీ మట్టి..." అని ఆగిపోయాడు. "గిది జానీది ఒక్కనిదే కాదు. డబ్బలున్న అన్ని బిళ్ళల మట్టి కలిసింది. ఏరనీకి రాదు."

"నేనే తోమిన అమ్మీ. నాకు తెల్వదు" అంది సరిత తలుపు పక్కనుంచి, హన్సిని గట్టిగా ఎత్తుకొని.

జోహరా బీ అతని చేతిలోంచి మూట తీసుకొని గుడ్డ విప్పింది. చాలాసేపు చూసింది. జహీర్ ఏదో అనబోతే చేత్తో ఆపింది.

"అన్ని బిళ్ళలు గూడ లడాయిలయేనా భాయ్?"

"అన్నీ లడాయిలయే భాబీ."

"అంటే పోయినోళ్ళదే గదా మట్టి అంత." ఆమె చిటికెడు మట్టిని వేళ్ళ మధ్య నలిపింది. "ఆయన ఎన్నడు ఒక్కడే ఉన్నడు? కువైట్ల ఒక రూంల పది మంది పండేటోళ్ళని రాసేటోడు. ఎవడి గురక ఎవడిదో తెలుస్తలేదని రాసిండు ఒకసారి. గీడ గూడ గట్లనే ఉండనియ్యి."

గుడ్డను మడిచి చీర కొంగున ముడేసుకుంది. ఇన్నేళ్ళకు ఆమె కళ్ళు అప్పుడు తడిశాయి. జహీర్ తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. సరిత నీళ్ళు తెచ్చింది.

పోయేటప్పుడు వెంకటేశం ఒంటె బిళ్ళ ఇవ్వబోయాడు. జోహరా బీ దాని మెరుపును చూసి, అతని పిడికిలి మూసింది. "గిది నువ్వు వెట్టుకో భాయ్. నీ దోస్తుది."

ఆటో మూల తిరిగాక అతను మిగతావాటిని ఒక్కొక్కటిగా డబ్బాలో వేశాడు. ఒంటె బిళ్ళను ఆఖరున, అన్నిటి పైన. మూత బిగించి కోడలికి అందించాడు.

"పై అటక మీద వెట్టు బిడ్డా. పిల్లకు అందకుండ."